సంకోచం లేకుండా సుషీ

పాతకాలపు సుషీ దుకాణాల్లో ధరల పట్టిక ఉండేది కాదు. కౌంటర్ వెనక గోడకు చేపల పేర్లు రాసిన చెక్క పలకలు వేలాడేవి. ధర ఉండాల్సిన చోట 'ఇవాళ్టి మార్కెట్ రేటు' అన్న మాటే కనిపించేది. ఎంతవుతుందని అడగడం నామోషీ. అడగకుండా తింటే బిల్లు ఎంత వస్తుందోనన్న గుబులు. ఒసాకాలో, టోక్యోలో పుట్టి పెరిగినవాళ్లు సైతం జేబు తడుముకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగిన రోజులవి. ఇవాళ ఆఫీసు పని మీద టోక్యో వెళ్లిన హైదరాబాద్ కుర్రాడు సుషీ దుకాణం అద్దాల ముందు నిలబడి "లోపలికి వెళ్లనా, వద్దా" అని తటపటాయిస్తే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ తటపటాయింపు జపాన్‌వాళ్లకు బాగా తెలిసినదే. దాన్ని పోగొట్టిన ఒక కొత్త రకం హోటల్‌ను ఒకాయన కనిపెట్టాడు.

ఆయన పేరు యోషియాకి షిరాయిషి. ఒసాకా శివారులో చిన్న సుషీ దుకాణం నడిపేవాడు. చుట్టూ చిన్నచిన్న కర్మాగారాలు, తినడానికి వచ్చేది వాటిలో పనిచేసే కూలీలు. వాళ్ల జేబుకు తగ్గ ధరకు అమ్మాలంటే దుకాణంలో మనుషుల ఖర్చు తగ్గాలి, పైగా పనివాళ్లు దొరకడమే కష్టంగా ఉండేది. ఆసాహి బీరు కర్మాగారానికి వెళ్లినప్పుడు సీసాలు బెల్టు మీద వరసగా సాగిపోవడం ఆయన కంట పడింది. సీసాల బదులు సుషీ పళ్లేలు తిరిగితే? ఆ ఆలోచన రూపు దిద్దుకోవడానికి ఏళ్లు పట్టింది. నేరుగా పోయే బెల్టు చేయడం తేలికే, మూల దగ్గర తిప్పడమే కష్టం. వేగం కూడా లెక్క చూసుకోవాలి. మరీ నెమ్మదిగా పోతే తినేవాళ్లకు విసుగు, మరీ వేగంగా పోతే పళ్లెం అందుకోవడం కష్టం. చివరికి సెకనుకు 8 సెంటీమీటర్ల దగ్గర స్థిరపడ్డాడని చెబుతారు. 1958లో, ఇప్పుడు హిగాషి-ఒసాకా అని పిలిచే ఊళ్లో, 'గెన్రోకు సుషీ' పేరుతో ఆ తిరిగే బెల్టు దుకాణం తెరిచాడు. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో దాన్ని లక్షల మంది చూశారు. ఆ తర్వాత అది దేశమంతా పాకింది.

దీన్నే జపాన్‌లో 'కైతెన్ జుషి' అంటారు. ధర ముందే తెలుస్తుంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. రెండు పళ్లేలు తిని లేచిపోయినా ఎవరూ ముఖం చిట్లించరు. భాష రానివాడు, డబ్బు చూసుకుని ఖర్చు పెట్టేవాడు, చేప పేర్లు తెలియనివాడు, ఈ ముగ్గురికీ అనువైన హోటల్ ఇది. కొత్తవాళ్లు సుషీతో పరిచయం మొదలుపెట్టాల్సింది ఇక్కడే. టోక్యో గింజా ప్రాంతంలోని 'సుకియాబాషి జిరో' లాంటి పేరుమోసిన చోట భోజనానికి పదుల వేల యెన్‌లు కావాలి, ముందస్తు బుకింగ్ దొరకడమే గగనం. అది మరో లోకం, దాన్ని చూసి ఇక్కడ బెదరక్కర్లేదు.

సుషిరో, కురా సుషీ, హామా సుషీ, కప్పా సుషీ, ఇవన్నీ ఎన్నో శాఖలున్న గొలుసు దుకాణాలు. జపాన్‌లో ఏ పట్టణానికి వెళ్లినా వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. చాలా ఏళ్లపాటు పళ్లెం వంద యెన్‌లే, పన్ను అదనం. ఒక్కో పళ్లెంలో సాధారణంగా రెండు ముక్కలు. చేపల ధరలు, కరెంటు, రవాణా ఖర్చులు పెరిగాక 2022 అక్టోబర్‌లో సుషిరో తన అన్నిటికన్నా చవక పళ్లేన్ని 110 యెన్‌ల నుంచి 120కి పెంచితే అది దేశమంతా పెద్ద వార్త అయింది. నగరం నడిబొడ్డు శాఖల్లో ధర ఇంకొంచెం ఎక్కువ. అయినా చవక పళ్లేలు ఎనిమిదో పదో తింటే కడుపు నిండుతుంది, ఆ లెక్క లోపలికి వెళ్లకముందే వేసుకోవచ్చు.

ఇక లోపలికి. గుమ్మం దగ్గర మనిషి కన్నా ముందు యంత్రం పలకరిస్తుంది. పెద్దవాళ్లు ఎందరు, పిల్లలు ఎందరు, కౌంటర్ కావాలా, టేబుల్ కావాలా అని అడిగి నంబరు చీటీ ఇస్తుంది. శని, ఆదివారాల్లో సాయంత్రం ఆరు దాటితే గంట సేపు ఎదురుచూడటం మామూలే. ఉద్యోగులూ పిల్లలూ బయట లేని పనిదినాల్లో, మధ్యాహ్నం రెండున్నర, నాలుగున్నర మధ్య వెళితే ఖాళీగా ఉంటుంది, తీరిగ్గా మెను చూసుకోవచ్చు. మొదటిసారి వెళ్లేవారికి ఇదే మంచి సమయం. నంబరు జపనీస్‌లో పిలుస్తారు కానీ తెర మీదా కనిపిస్తుంది. చీటీ చేతిలో పట్టుకుని తెర వైపు చూస్తూ ఉంటే చాలు.

కూర్చోగానే ఎదురుగా చిన్న నల్ల కుళాయి కనిపిస్తుంది. దాన్ని చేతులు కడుక్కునేదని పొరబడి చేయి పెట్టే విదేశీయులు ఎందరో ఉంటారు. నొక్కితే వచ్చేది పొగలు కక్కే వేడినీళ్లు. అది టీ కోసం. పక్కనే డబ్బాలో గ్రీన్ టీ పొడి ఉంటుంది, కప్పులో చెంచాడు వేసుకుని ఆ నీళ్లు పట్టుకోవాలి. టీ ఉచితం, ఎన్నిసార్లయినా తాగవచ్చు. పిల్లలతో వెళ్లే తల్లిదండ్రులు వాళ్లను ఆ కుళాయికి దూరంగా కూర్చోబెట్టాలి, ఈ జాగ్రత్త మిగతా అన్ని మర్యాదల కన్నా ముఖ్యం. చేతులు తుడుచుకోవడానికి తడి రుమాలు ఇస్తారు, దాంతో ముఖం తుడుచుకోరు.

ఆర్డర్ ఇవ్వడానికి ట్యాబ్లెట్ ఉంటుంది. మూలలో భాష మార్చే బటన్ నొక్కితే ఇంగ్లీషు వస్తుంది. బొమ్మ చూసి నొక్కితే చాలు, కాసేపటికి పళ్లెం వేరే బెల్టు మీద నేరుగా టేబుల్ దగ్గరకొచ్చి ఆగుతుంది. టోక్యో షిబుయాలోని 'ఉవోబెయి' లాంటి చోట్ల బుల్లెట్ రైలు బొమ్మ మీద వస్తుంది. పళ్లెం తీసుకున్నాక బటన్ నొక్కితేనే ఆ రైలు వెనక్కి వెళుతుంది. తీసుకోవడంలో ఆలస్యం చేస్తే వెనక ఇంకొకరి ఆర్డర్ ఆగిపోతుంది.

బెల్టు మీద తిరిగే పళ్లేలు ఇప్పుడు చాలా గొలుసు దుకాణాల్లో తగ్గిపోయాయి. 2023 జనవరిలో గిఫు నగరంలోని ఒక సుషిరో శాఖలో ఒక కుర్రాడు సోయా సాస్ సీసా మూతిని నాకి, తడి వేలితో బెల్టు మీద వెళ్తున్న సుషీని తాకి, ఆ వీడియోను లోకం మీదకు వదిలాడు. సంస్థ షేరు ధర పడిపోయింది, కోర్టు కేసు నడిచి రాజీతో ముగిసింది. ఆ తర్వాత చాలాచోట్ల ఆర్డర్ ఇచ్చిన పళ్లెం మాత్రమే బెల్టు మీద వచ్చేలా మార్చారు. ఇది చెప్పడంలో ఉద్దేశం భయపెట్టడం కాదు. నమ్మకం మీద నడిచే ఏర్పాటు ఎంత సున్నితమో తెలిస్తే కొన్ని నియమాలు ఎందుకున్నాయో అర్థమవుతుంది. ఒకసారి చేతిలోకి తీసుకున్న పళ్లేన్ని తిరిగి బెల్టు మీద పెట్టకూడదు, పొరపాటున తీసినా సరే, డబ్బు కట్టాల్సిందే. ఇంకొకరి పళ్లేన్ని ముట్టుకోకూడదు. కురా సుషీలో పళ్లేల మీద పారదర్శకమైన మూత ఉంటుంది. ఆ మూతను చేత్తో పట్టుకోకూడదు, పళ్లెం ముందు అంచును కాస్త పైకి ఎత్తితే మూత తానే తెరుచుకుంటుంది. అక్కడే తిన్న పళ్లేలను టేబుల్ పక్కన ఉన్న సందులో వేస్తే లెక్క పడుతుంది, ఐదు పళ్లేలకు ఒకసారి తెర మీద ఆట వస్తుంది, గెలిస్తే పిల్లలకు చిన్న బొమ్మ.

సుషీలో అసలు పదార్థం అన్నం. వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన పొట్టి గింజ అన్నాన్ని 'షారి' అని, పైన పెట్టే చేపను 'నెతా' అని దుకాణాల్లో అంటారు. అన్నం లేకుండా పచ్చి చేప ముక్కలు మాత్రమే వస్తే అది సాషిమి, సుషీ కాదు. ఎడో అనే పేరున్న పాత టోక్యోలో 1820ల ప్రాంతంలో హనాయా యోహెయి లాంటివాళ్లు వీధి బండ్ల మీద అమ్మిన చిరుతిండి ఈ చేత్తో ఒత్తిన సుషీ. మొదట్లో సుషీ అంటే ఉప్పు వేసిన చేపను అన్నంలో నెలల తరబడి పులియబెట్టింది. బివా సరస్సు తీరాన ఇప్పటికీ 'ఫునాజుషి' అనే పేరుతో ఆ పద్ధతి బతికే ఉంది. గొలుసు దుకాణాల్లో ఇప్పుడు అన్నం ముద్దను చాలావరకు యంత్రమే ఒత్తుతుంది. సుజుమో అనే సంస్థ 1981లోనే సుషీ రోబోను తయారు చేసింది. చేప ముక్కను పైన పెట్టేది మాత్రం మనిషి.

చేత్తో తినవచ్చా? నిక్షేపంగా తినవచ్చు. వీధి బండి దగ్గర నిలబడి చేత్తో తిన్న తిండి ఇది. చేత్తో కలుపుకుని తినే అలవాటున్న తెలుగువారు ఇక్కడ చాప్‌స్టిక్స్‌తో కుస్తీ పట్టాల్సిన పని లేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో ముక్కను పట్టుకుని, కొంచెం వంచి, చేప ఉన్న వైపు మాత్రమే సోయా సాస్‌లో అద్దాలి. అన్నం వైపు అద్దితే సాస్ పీల్చుకుని ముద్ద విడిపోతుంది, ఉప్పూ ఎక్కువైపోతుంది. ముక్కంతా ఒకేసారి నోట్లో పెట్టుకోవడం మర్యాద. చిన్న నోరున్న పిల్లలకు, పెద్దలకు ఆ నియమం వర్తింపజేసి ఇబ్బంది పెట్టక్కర్లేదు.

చాప్‌స్టిక్స్ వాడేవారు రెండు పనులు మాత్రం చేయకూడదు. అన్నంలో వాటిని నిలువుగా గుచ్చకూడదు. ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కు తిండి అందించకూడదు. మొదటిది చనిపోయినవారి ముందు పెట్టే అన్నపు గిన్నెను, రెండోది దహనం తర్వాత బంధువులు ఎముకలను ఏరే కర్మను గుర్తుకు తెస్తాయి. అస్థి సంచయనం ఎరిగిన ఇంటివారికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

వాసాబి దగ్గర తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. మిరపకారంలా నాలుక మీద మండదు, సరాసరి ముక్కుకెక్కుతుంది. ఆవపిండి ఘాటులోనూ, వాసాబి ఘాటులోనూ ఉన్న ప్రధాన రసాయనం ఒకటే. కొత్త ఆవకాయ జాడీ మూత తీసిన ముక్కుకు అది పాత పరిచయమే. చవక దుకాణాల్లో ఇచ్చే పచ్చటి ముద్దలో అసలు వాసాబి వేరు తక్కువ, గుర్రపు ముల్లంగి ఎక్కువ, రంగు కలుపుతారు. అసలు వాసాబిని అప్పటికప్పుడు తురమాలి, కాసేపటికే వాసన పోతుంది. గొలుసు దుకాణాల్లో వాసాబి ఇప్పుడు చాలావరకు విడి పొట్లంలోనే వస్తుంది. కౌంటర్ దుకాణంలో మాత్రం అన్నం, చేప మధ్యలో ముందే రాస్తారు. వద్దనుకుంటే "సాబి నుకి" అంటే చాలు. గులాబీ రంగు అల్లం ముక్కలు ఒక చేపకూ ఇంకో చేపకూ మధ్య నోటిని శుభ్రం చేయడానికి, సుషీ మీద పెట్టుకుని తినడానికి కాదు.

మొదటిసారి దేనితో మొదలుపెట్టాలి? పచ్చి చేపతో మొదలుపెట్టి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. 'ఎబి' అంటే ఉడికించిన రొయ్య. 'తమాగో' తీయటి గుడ్డు అట్టు. 'తాకో' ఆక్టోపస్, అదీ సాధారణంగా ఉడికించినదే. 'ఉనాగి', 'అనాగో' అనే పాము ఆకారపు చేపలు వండినవి, తీపి సాస్ రాసినవి. ఇవి నాలుగు తిన్నాక సాల్మన్, ఆపైన ట్యూనా ఎర్ర మాంసం. ధైర్యం కుదిరితే మాకెరెల్, సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి 'ఉని'. తేలిక రుచుల నుంచి ఘాటైన, కొవ్వున్న రుచులకు వెళ్లడం పాత పద్ధతి, అందులో అర్థముంది, ముందే కొవ్వు చేప తింటే తెల్ల చేప చప్పగా తోస్తుంది. ఎబి తినేటప్పుడు భీమవరం, నెల్లూరు చెరువులు గుర్తొస్తే తప్పు లేదు. మన దేశంలో సాగు రొయ్య ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, ఆ రొయ్యను కొనే దేశాల్లో జపాన్ ఒకటి.

'అసలైన సుషీ' ఏది అన్న బెంగ కూడా కొత్తవారిని పీడిస్తుంది. సాల్మన్ కథ వింటే ఆ బెంగ తీరుతుంది. నలభై ఏళ్ల కిందట జపాన్‌లో సాల్మన్‌ను పచ్చిగా తినేవాళ్లు కాదు. పసిఫిక్‌లో పట్టిన సాల్మన్‌లో పరాన్నజీవులు ఉంటాయని అందరికీ తెలుసు, ఉప్పు పట్టించి కాల్చుకుని తినేవాళ్లు. 1980లలో నార్వేలో సాల్మన్ పెంపకం పెరిగి చేప మిగిలిపోయింది. జపాన్‌లో అమ్మడానికి ఆ దేశం ప్రత్యేక ప్రచారం మొదలుపెట్టింది. దాని మీద పనిచేసిన బ్యోర్న్ ఎయిరిక్ ఒల్సెన్‌కు జపాన్ వ్యాపారుల నుంచి వచ్చిన జవాబు ఒకటే, రంగు బాగోలేదు, వాసన బాగోలేదు, మేం పచ్చిగా తినం. ఏళ్ల తరబడి తిరిగాక 1990ల తొలినాళ్లలో నిచిరెయి అనే సంస్థకు 5,000 టన్నులు చవకగా ఇచ్చారు, సుషీగానే అమ్మాలన్న షరతు మీద. తర్వాత దాన్ని తలకెత్తుకున్నది తిరిగే బెల్టు దుకాణాలూ, పిల్లలూ. పెద్ద సుషీ గురువులు ఒప్పుకోకముందే పిల్లలు ఆ నారింజ రంగు ముక్క కోసం చేయి చాచారు. మారుహా నిచిరో అనే ఆహార సంస్థ జరిపే సర్వేల్లో ఏళ్లుగా ఆ దుకాణాల్లో జనం ఎక్కువగా తినేది సాల్మనే. అందుకని మొక్కజొన్న, మయొనైజ్ వేసిన సుషీ తిన్నా, వేయించిన చికెన్ ముక్కలు తెప్పించుకున్నా చిన్నతనంగా భావించక్కర్లేదు. పక్క టేబుల్‌లోని జపాన్ కుటుంబమూ అదే తింటూ ఉంటుంది.

శాకాహారుల సంగతి ఇంత తేలిక కాదు. అందుకే కొంచెం ఓపిగ్గా చెప్పుకోవాలి.

మెను బొమ్మల్లో చేప లేనివి నాలుగైదు కనిపిస్తాయి. దోసకాయతో 'కప్పా మాకి'. ముల్లంగి ఊరగాయతో 'ఒషింకో మాకి'. పులిసిన సోయా గింజలతో 'నత్తో మాకి', జిగురుగా, ఘాటైన వాసనతో ఉంటుంది, అందరికీ పట్టదు. వేయించిన టోఫు సంచిలో అన్నం నింపిన 'ఇనారి'. ఎండబెట్టిన కాయ చారలను తీపిగా ఉడికించి చుట్టిన 'కాంప్యో మాకి'. ఈ కాంప్యో చేసే కాయ మన సొరకాయ జాతిదే. జపాన్‌లో పండేది దాదాపు అంతా తొచిగి జిల్లా నుంచే వస్తుంది. మన ఇంట్లో పాలు పోసి కూర వండుకునే కాయను వాళ్లు రిబ్బన్లలా కోసి ఎండబెట్టి సుషీలో చుడతారని తెలిసినప్పుడు ఏ తెలుగు వంటింటి మనిషికైనా ఆసక్తి కలగకమానదు.

చిక్కంతా 'దాషి'తో. ఎండబెట్టి పొగ పెట్టిన బొనీటో చేప రేకులతో కాచే రసం అది. జపాన్ వంటలో మనకు చింతపండు రసం ఎంతో వాళ్లకు దాషి అంత. ఇనారి సంచిని, కాంప్యోను తరచూ దీనిలోనే ఉడికిస్తారు. గుడ్డు అట్టులో వేస్తారు. మిసో సూపులో, ఉడోన్ నూడుల్స్ రసంలో ఉంటుంది. చేప ముక్క కంటికి కనిపించదు కాబట్టి "ఇందులో చేప ఉందా?" అని అడిగితే వడ్డించేవారు నిజాయితీగానే లేదంటారు. అడగాల్సిన ప్రశ్న వేరు. "దాషి హైత్తే ఇమాసు కా?", ఇందులో దాషి ఉందా అని. ఈ ఒక్క వాక్యం ఫోన్‌లో జపనీస్ లిపిలో రాసి పెట్టుకుంటే ఎన్నో భోజనాలు గట్టెక్కుతాయి.

ఇంకో పొరపాటుకు ఆస్కారం ఉంది. పెద్ద గొలుసు దుకాణాలు అలర్జీ పట్టికలు ఇస్తాయి. వాటిని చూసి శాకాహారం తేల్చుకోవచ్చని చాలామంది అనుకుంటారు. జపాన్ నిబంధనల ప్రకారం తప్పనిసరిగా చెప్పాల్సిన పదార్థాలు కొన్ని, చెప్పాలని సూచించినవి మరికొన్ని. వాటిలో సాల్మన్ ఉంది, మాకెరెల్ ఉంది. బొనీటో లేదు. కాబట్టి పట్టికలో అన్ని గళ్లూ ఖాళీగా ఉన్న వంటలో కూడా బొనీటో దాషి ఉండవచ్చు. నిష్ఠగా శాకాహారం పాటించేవారు దోసకాయ, అవకాడో, ముల్లంగి చుట్టలతో సరిపెట్టుకుని, సాదా సోయా సాస్ అద్దుకోవడం మేలు. బాటిల్‌లో 'దాషి జోయు' అని ఉంటే అందులోనూ చేప రసం కలుస్తుంది. గుడ్డు తినేవారు, తెలియక పడిన దాషిని పట్టించుకోనివారు మరింత హాయిగా తినవచ్చు. ఎవరి గీత ఎక్కడో బయలుదేరే ముందే ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లే పిల్లలు ఈ పని తప్పక చేయాలి. టేబుల్ దగ్గర కూర్చున్నాక "ఇందులో ఏదో వాసనొస్తోంది నాయనా" అని అమ్మ ప్లేటు పక్కకు నెట్టేస్తే ఆ పూట అందరికీ పస్తే. నిష్ఠ గట్టిగా ఉన్న పెద్దలను టోక్యోలో నిషి-కసాయిలాంటి చోట ఉన్న భారతీయ హోటల్‌కు తీసుకెళ్లడమే వాళ్లకిచ్చే గౌరవం.

పచ్చి చేప భయం నిరాధారమైనదేమీ కాదు, దాన్ని కొట్టిపారేయకూడదు. అనిసాకిస్ అనే పురుగు ఉన్న చేప తింటే కొన్ని గంటల్లో విపరీతమైన కడుపునొప్పి వస్తుంది. జపాన్‌లో ఇటీవలి సంవత్సరాల్లో నమోదైన ఆహార సంబంధ అస్వస్థత ఘటనల్లో పెద్ద వాటా దానిదే. వెనిగర్ దాన్ని చంపదు, వాసాబి చంపదు, సోయా సాస్ చంపదు. చంపేవి వేడి, గడ్డకట్టించే చలి. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఉంచాలని జపాన్ ఆరోగ్య శాఖ చెబుతుంది, అమెరికా ఆహార, ఔషధ సంస్థ అదే చలిలో 7 రోజులు అంటుంది. దూర సముద్రాల్లో పట్టిన ట్యూనాను ఓడ మీదే మైనస్ 60 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. పెద్ద గొలుసు దుకాణాల చేపలో చాలా భాగం ఇలా గడ్డకట్టి వచ్చినదే, 'ఫ్రోజెన్' అన్న మాట ఇక్కడ లోపం కాదు, రక్షణ. గర్భిణులు, పసిపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు పచ్చి చేప జోలికి వెళ్లకూడదు. వాళ్లకు ఎబి, ఉనాగి, దోసకాయ చుట్ట ఎలాగూ ఉన్నాయి. పెద్దకళ్ల ట్యూనాలో పాదరసం ఎక్కువ కాబట్టి గర్భిణులు అది వండినా తినకపోవడం మంచిది.

ఇంట్లో చేసుకుందామనే ఉత్సాహం వచ్చేది ఇక్కడే. గట్టిగా చెప్పాల్సిన మాట ఇది, మన చేపల మార్కెట్‌లో కొన్న చేపను పచ్చిగా తినకూడదు. ఎంత తాజాగా ఎగిరిపడుతున్నా సరే. చెరువు చేపలైతే అసలే వద్దు, వాటిలో కాలేయాన్ని పట్టే పురుగులు ఉండవచ్చు. తాజాదనం వేరు, పచ్చిగా తినదగినట్లు చల్లబరిచి దాచడం వేరు. ఇంట్లో సరదా పడేవారు దోసకాయ, క్యారెట్, ఉడికించిన రొయ్యతో చుట్టలు చేసుకోవచ్చు.

చక్కెర వ్యాధి ఉన్నవారు చేప గురించి కాదు, అన్నం గురించి ఆలోచించాలి. ఒక ముక్కలో సాధారణంగా 15 నుంచి 20 గ్రాముల అన్నం ఉంటుంది, అందులో చక్కెర కలిసి ఉంటుంది. రెండు ముక్కల పళ్లేలు పది తింటే 300 నుంచి 400 గ్రాముల అన్నం తిన్నట్టే. చిన్న ముక్కలు కాబట్టి ఎంత తిన్నామో కంటికి ఆనదు. కొన్ని గొలుసు దుకాణాల్లో అన్నం తగ్గించి ఇమ్మని ట్యాబ్లెట్‌లోనే ఎంచుకోవచ్చు. అన్నం లేని సాషిమి తెప్పించుకోవచ్చు. రక్తపోటు ఉన్నవారు సోయా సాస్ మీద కన్నేసి ఉంచాలి, ఒక్క టేబుల్ స్పూన్‌లోనే దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. గిన్నె నింపుకోకుండా నాలుగు చుక్కలు పోసుకుంటే ముక్క అంచు అద్దడానికి చాలు.

తిన్నాక ట్యాబ్లెట్‌లో బిల్లు బటన్ నొక్కాలి. చాలాచోట్ల పనివాళ్లు వచ్చి దొంతరగా పేర్చిన పళ్లేలను లెక్కపెడతారు, లేదా చిన్న పరికరంతో ఒక్కసారి తడిమి మొత్తం చెబుతారు. అందుకే పళ్లేలను ధర తెలిపే రంగులవారీగా పేర్చి ఉంచితే వాళ్లకు పని తేలిక. నంబరు బిళ్ల తీసుకుని గుమ్మం దగ్గరి కౌంటర్‌లో డబ్బు కట్టాలి. టిప్ ఇవ్వరు. టేబుల్ మీద నాణేలు వదిలితే మర్చిపోయారనుకుని వెనక పరుగెత్తుకొచ్చి ఇస్తారు. వెళ్తూ "గోచిసోసామా దేషితా" అంటే చాలు. మిగిలింది కట్టించుకుని తీసుకెళ్లే పద్ధతి ఇక్కడ లేదు, పచ్చి చేప గంటల తరబడి సంచిలో ఉండకూడదు కదా. అందుకే ఒకేసారి పది పళ్లేలు తెప్పించుకోకుండా రెండేసి చొప్పున తెప్పించుకోవాలి.

జపాన్ బయట ఈ లెక్కలు కొంత మారతాయి. కురా సుషీ 2009లో కాలిఫోర్నియాలో మొదటి అమెరికా శాఖ తెరిచింది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న టెక్సాస్‌లోనూ దాని శాఖలున్నాయి. అక్కడ టిప్ ఆనవాయితీ. చీజు, మయొనైజ్, కారం సాస్ వేసిన చుట్టలు ఎక్కువ. మెను అడుగున పచ్చి మాంసం, చేపల గురించి చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది, దాన్ని చదవాలి. 'సుషీ గ్రేడ్' అన్న మాటకు అమెరికా చట్టంలో నిర్వచనం లేదు కాబట్టి ఆ మాట కన్నా దుకాణం శుభ్రత, రద్దీ చూసి నమ్మడం నయం. హైదరాబాద్‌లో జూబ్లీ హిల్స్, హైటెక్ సిటీ వైపు సుషీ పెట్టే హోటళ్లు వచ్చాయి. ఇక్కడ ఇది చవక తిండి కాదు, చేప దూరం నుంచి చలి పెట్టెల్లో రావాలి. కానీ శాకాహారులకు జపాన్‌లో దొరకని సుఖం ఇక్కడుంది, వెజ్ సుషీ విడిగా ఉంటుంది, దాషి వేశారా అని తెలుగులోనే అడగవచ్చు. చేప ఏ రోజు వచ్చిందో, గడ్డకట్టి వచ్చిందో లేదో కూడా అడగవచ్చు. సూటిగా జవాబు చెప్పలేని చోట వండిన రకాలతో సరిపెట్టుకోవాలి.

బెల్టు దుకాణంలో రెండుమూడు సార్లు తిని చేపల పేర్లు నోటికి పట్టాక జపాన్‌లో ఉన్నవారు పేటలోని చిన్న కౌంటర్ దుకాణానికి వెళ్లాలి, అదీ మధ్యాహ్నం పూట. రాత్రి మార్కెట్ రేటు పలకలు పెట్టే దుకాణమే మధ్యాహ్నం భోజనానికి గుమ్మం బయట బల్ల మీద ధరలు రాసి పెడుతుంది. సాధారణంగా మూడు మెట్లు ఉంటాయి, 'నామి', 'జో', 'తొకుజో'. మామూలు, మేలు రకం, ఇంకా మేలు రకం అన్నమాట. నామిలో ఏడెనిమిది ముక్కలు, ఒక చుట్ట, మిసో సూపు వస్తాయి, ధర బెల్టు దుకాణంలో కడుపునిండా తిన్నదానికన్నా కొంచెమే ఎక్కువ. నామి అడగడంలో చిన్నతనం లేదు, చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లు తినేది అదే. లోపలికి వెళ్లి వేలితో ఒకటి అని చూపించి "నామి ఒనెగాయిషిమాసు" అనాలి. తినకూడని చేప ఉంటే అప్పుడే చెబితే వంటమనిషి దాని బదులు ఇంకోటి పెడతాడు, ముక్క ముందుకొచ్చాక చెబితే అది వృథా. ముక్కలు ఒక్కొక్కటిగా పెడితే పెట్టగానే తినాలి, ఫోటో ఒక్కటి చాలు, ఎందుకంటే ఆయన అన్నాన్ని ఒంటి వేడి దగ్గర ఉండేలా చూసి ఒత్తాడు. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఉద్యోగుల హడావుడి. పదకొండున్నరకు తెరవగానే వెళితే కౌంటర్ చివరి కుర్చీ దొరుకుతుంది, అక్కడి నుంచి కత్తి పని బాగా కనిపిస్తుంది, ఏ చేప ఏదో అడగడానికి ఆయనకూ తీరిక ఉంటుంది.